ఉప్పు చెప్పే మనిషి

రుబీనాను పోయినవారం మనం వనపర్తి బస్టాండులో వదిలిపెట్టాం. నాగర్‌కర్నూల్ బస్సు మెట్టు మీద ఒక కాలు, చెవి దగ్గర ఫోను. అవతల మాట్లాడుతున్నది కొత్తకోట లైటింగ్ ఇమ్రాన్. "హన్మంతు మాస్టర్‌ను ఖాయం చేసుకునే ముందల ఒక్కపారి ఆయన పొయ్యి కాడ నిలవడి చూడక్కా" అన్నాడు. ఎందుకో చెప్పమంటే "నాకేం తెల్వదు, నేనేం అనలే" అని పెట్టేశాడు. కొందరింతే. సగం మాట చెప్పి మనిషి మనశ్శాంతి చెడగొడతారు, మిగతా సగం అడిగితే అమాయకుల్లా మొహం పెడతారు.

ఈ వారమే మనతో కలిసిన వాళ్ల కోసం రెండు ముక్కలు. వనపర్తి గౌస్ పాషా టెంట్ హౌస్ పాతికేళ్లది. గౌస్ పాషాకు మోకాలి ఆపరేషన్ అయ్యాక దుకాణం కూతురు రుబీనా చేతికి వచ్చింది. షామియానాలు, కుర్చీలు కిరాయికివ్వడంతో ఆగకుండా ఈ పిల్ల ఒక పెళ్లిని మొత్తానికి మొత్తం నెత్తికెత్తుకుంది. వడ్డేపల్లి రైతు బక్కయ్య, జమ్ములమ్మల చిన్నకూతురు కావ్య పెళ్లి అది. గద్వాలలో ఫంక్షన్ హాలు, ఇంకా పంతొమ్మిది రోజులు. పూలు, ఫొటోలు, మేళం, లైట్లు కుదిరిపోయాయి. వంట ఒక్కటే మిగిలింది. కానీ జమ్ములమ్మ దృష్టిలో పెళ్లంటే వంట, మిగతావన్నీ దాని చుట్టూ కట్టిన కాగితం పూలు.

దానికో కారణం ఉంది. ఏడేళ్ల కింద పెద్దకూతురి పెళ్లిలో సాంబారు ఉప్పు కషాయమైంది. పెళ్లికొడుకు మేనమామ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఉమ్మేసి, విస్తరి ముందు నుంచి లేచాడు. ఆయన వెనకే వరసంతా లేచింది. ఇప్పటికీ ఆ పిల్ల అత్తగారింట్లో నలుగురు కూడినప్పుడల్లా "మీ దిక్కు ఉప్పు చౌకనా ఏంది?" అని ఒకరు అనడం, మిగతావాళ్లు నవ్వడం, పిల్ల వంటింట్లోకి పోయి కొంగుతో కళ్లు ఒత్తుకోవడం. అందుకే జమ్ములమ్మ రుబీనా చేతులు రెండూ పట్టుకుంది. "పూలు వాడిపోనీ బిడ్డా, లైట్లు ఆరిపోనీ. విస్తరి కాడ మాట రావద్దు. హన్మంతు మాస్టర్ చెయ్యే పడాలె" అంది. "పడ్తదమ్మా, నాది జిమ్మేదారి" అని రుబీనా మాటిచ్చింది. ఇప్పుడా మాట ఆమె గొంతులో చేప ముల్లులా ఉంది.

పెళ్లి పనికి మనుషుల్ని ఎంచుకోవడంలో రుబీనాది తండ్రి పాఠం. గౌస్ పాషా ఎవరినీ ఆల్బం చూసి ఒప్పుకునేవాడు కాదు. ఆల్బంలో అందరి పూలూ తాజాగానే ఉంటాయి, అందరి పెళ్లికూతుళ్లూ నవ్వుతూనే ఉంటారు. పూలాయన్ని కుదుర్చుకోవాలంటే అతను కట్టిన మండపాన్ని మధ్యాహ్నం రెండింటికి పోయి చూడాలి, అప్పటికి ఎంత వేలాడిపోయిందో. ఫొటోలాయన్ని ఎంచుకోవాలంటే మంచివి పది కాదు, ఒకే పెళ్లివి మొత్తం చూపించమనాలి. గద్వాల చంద్రశేఖర్‌ను అలా అడిగితే మొహం చిట్లించకుండా కంప్యూటర్ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఎనిమిది వందల ఫొటోల్లో మూల కూర్చున్న ముసలమ్మల మొహాలు కూడా తేటగా ఉన్నాయి. అక్కడికక్కడే ఖాయం చేసింది.

ఇంకొక డెకరేషన్ ఆయన పెద్ద ఫోను తెచ్చి గంటసేపు వీడియోలు చూపించాడు. "ఈ వారం మీ పని ఏడ నడుస్తుందో చెప్పుండ్రి, వచ్చి చూస్త" అంటే, ఈ వారమంతా ఖాళీ అన్నాడు. మాఘమాసం ముహూర్తాల్లో ఖాళీగా కూర్చున్న డెకరేషన్ మనిషిని రుబీనా కదిలించదలుచుకోలేదు, అలాగే ఖాళీగా వదిలేసింది.

ఇక వంటమనిషిని విస్తరి ముందు కూర్చుని ఎంచుకోకూడదు, వెనకాల షెడ్డులో నిలబడి ఎంచుకోవాలి. ఇంత తెలిసీ హన్మంతు విషయంలో ముందే మాట ఎందుకిచ్చింది? పేరు చూసి. పాలమూరు అంతటా ఆ పేరుకున్న మర్యాద చూసి రుబీనా కూడా అందరిలాగే తలూపింది.

నాగర్‌కర్నూల్‌లో దిగి, ఆటో ఎక్కి, హన్మంతు ఆ పూట వండుతున్న హాలు చేరేసరికి పొద్దున తొమ్మిదిన్నర. ఎరువుల వ్యాపారి ఒకాయన మనవరాలికి చీర కట్టించే ఫంక్షన్ అది. ముందు వైపు అరటి బోదెలు, మనిషెత్తు సౌండ్ బాక్సులు, సెల్ఫీలు దిగే పిల్లలు. రుబీనా అటు చూడకుండా నేరుగా వెనక్కి నడిచింది. రేకుల షెడ్డు కింద ఆరు పొయ్యిలు మండుతున్నాయి. వాటి మధ్య తెల్ల బనీను, తలకు ఎర్ర తువ్వాలతో హన్మంతు మాస్టర్ తిరుగుతున్నాడు. అరవైకి రెండేళ్లు తక్కువ. మనిషి పెద్ద ఎత్తేం కాదు. కానీ ఆయన అడుగేస్తే గంగాళాలు మోసేవాళ్లు, కూరగాయలు కోసే ఆడవాళ్లు తమంత తామే దారి ఇస్తున్నారు.

"రా బిడ్డా, రా. గౌస్ పాషా బిడ్డవు కదా? మీ నాయిన ఏసిన టెంట్ల కింద ఎన్ని పెండ్లిల్లకు వండిన్నో నాకే యాదికి లేదు. మోకాలు ఎట్లున్నది?"

"కట్టె పట్టుకొని నడుస్తుండు మాస్టర్. మిమ్ముల అడిగిన్నని చెప్పుమన్నడు."

"వడ్డేపల్లి పెండ్లి గురించేనా? తారీఖు నా దిమాక్‌ల ఉన్నది. నువ్వు పరేషాన్ కాకు."

"గట్లనే మాస్టర్. జరసేపు ఈడ నిలవడి చూస్త, ఏమనుకోకుండ్రి."

"చూడు బిడ్డా, దాచేదేమున్నది?" అన్నాడు. అంటూనే ఒకసారి పక్కకు చూశాడు.

అక్కడ ఆయన భార్య బాలనాగమ్మ ఉంది. సన్నగా, పొడుగ్గా, యాభై దాటిన మనిషి. చేతిలో గరిటె లేదు, కత్తి లేదు. ఒక పొయ్యి నుంచి ఇంకో పొయ్యికి తిరుగుతోంది, అంతే. గంగాళం మీద మూత జరుపుతుంది, ముఖం వంచి ఆవిరి పీలుస్తుంది, "సాకు" అంటుంది. తరువాతి దాని దగ్గర "ఇన్నా బేకు" అంటుంది. ఆమె పుట్టిల్లు రాయచూరు దిక్కు. షెడ్డులో పనిచేసేవాళ్లు ఆమె ఏదో దేవుడి పేరు గొణుక్కుంటోందనుకుంటారు. రుబీనా ఖాలా, అంటే పిన్ని, కాపురం రాయచూరులోనే. సాకు అంటే చాలు, ఇన్నా బేకు అంటే ఇంకా కావాలి అని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బాలనాగమ్మ "ఇన్నా బేకు" అన్నప్పుడల్లా హన్మంతు దోసిట్లో ఉప్పు తీసి గంగాళంలో వేస్తున్నాడు.

వాసన పట్టి ఉప్పు చెప్పడం వింతేమీ కాదు. దేవుడి విస్తరి పడేదాకా శుభకార్యం వంటను ఎవరూ నాలుక మీద వేసుకోరు. వేసుకుంటే వంటంతా ఎంగిలి. నిష్ఠగల వంటమనిషి ఆవిరి వాసనతోనే ఉప్పూ పులుపూ పోల్చుకుంటాడు. రుబీనా ఇంట్లోనూ అంతే. రంజాన్ నెలలో రోజా ఉండి ఇఫ్తార్‌కు వండేటప్పుడు తల్లి తాజ్‌బీ గిన్నె మీదికి వంగి, కళ్లు మూసుకుని, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేది. కాబట్టి రుబీనాకు వింతగా తోచింది అది కాదు. అరగంటగా చూస్తోంది, మాస్టర్ ఒక్కసారి కూడా ఒక్క గంగాళం మీదికీ వంగలేదు.

ఇంతలో ఎరువుల వ్యాపారి భార్య పరుగున వచ్చింది.

"బాలనాగమ్మా, జర రా తల్లీ. పోరికి కుచ్చిళ్లు నిలుస్తలేవు. ముగ్గురం కట్టినం, ముగ్గురివీ జారినయి."

"పది నిమిషాలల్ల వస్త. పప్పు కింద మంట తగ్గించుండ్రి" అని చెప్పి బాలనాగమ్మ ఆమె వెంట పోయింది. సౌండ్ బాక్సుల మోతలో ఆ మాట పొయ్యి దగ్గరున్న వాళ్ల చెవిన పడలేదు.

హన్మంతు పప్పు గంగాళానికి జానెడు దూరంలో నిలబడి రుబీనాకు కబుర్లు చెబుతున్నాడు. గద్వాల జాతరలో వానొచ్చి పొయ్యిలన్నీ ఆరిపోతే, గోనె సంచులు అడ్డం కట్టించి రెండు వేల మందికి ఎలా వండిపెట్టాడో చెబుతున్నాడు. మంచి మాటకారి. వింటూ వింటూ ఉండగా రుబీనా ముక్కుకు వాసన తగిలింది. వంటలో ఆమెకేం గొప్ప చేయి లేదు. ఆమె చారు పెట్టిన రోజు గౌస్ పాషాకు ఆకలి ఉండదు. అయినా మాడు వాసన తెలియనిదెవరికి?

"మాస్టర్, పప్పు మాడుతుంది."

"ఏడ? గదేం లేదు. ఉడుకుపట్టే కాడ గట్లనే ఉంటది" అని కబుర్లలోకి వెళ్లిపోయాడు.

వంకాయలు కోస్తున్న ఆడవాళ్లు తలలెత్తారు. ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. బియ్యం కడుగుతున్న మనిషి లేచి నిలబడ్డాడు. హన్మంతు మాట ఆపి ఒక్కొక్కరి మొహం వైపూ చూశాడు. ఆ మొహాలు చూసి తెలుసుకున్నాడు, తన ముక్కు కిందే పప్పు మాడుతోందని. గబుక్కున గరిటె అందుకుని గంగాళంలో పెట్టబోయాడు.

"గరిట పెట్టకు!" బాలనాగమ్మ కొంగు నడుముకు దోపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ముందు వైపు దాకా వాసన వచ్చిందో, మనసే పీకిందో. "కిందిది కలపొద్దు. మంట ఆర్పుండ్రి. అటిద్దరు ఇటిద్దరు పట్టుకోండ్రి, వంచకుండ్రి, పైపైన తేర్చుండ్రి."

పైనున్న పప్పును చెంబులతో ఇంకో గంగాళంలోకి తోడించింది. ప్రతి చెంబుకూ ముక్కు వంచి వాసన చూసింది. సగం దాకా తోడాక చేయి అడ్డం పెట్టి "ఇగ సాకు" అంది. మిగిలింది పారబోయించి, కొత్త పప్పు ఎక్కించి, తోడిన దాంట్లో చింతపులుసు మరికాస్త పోయించింది. ముప్పావు గంటలో అంతా సర్దుకుంది. ముందు వైపు ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ ముప్పావు గంటా మాస్టర్ పక్కన నిలబడి ఆమె చెప్పినట్టే చేశాడు.

అంతా సద్దుమణిగాక రుబీనా ఆయన్ని నీళ్ల డ్రమ్ముల చాటుకు పిలిచింది.

"మాస్టర్, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యొద్దు. మీకు వాసన వస్తలేదు కదా?"

హన్మంతు తలకున్న తువ్వాలు విప్పాడు. మొహం తుడుచుకున్నాడు. మళ్లీ కట్టుకోవడం మరిచిపోయి చేతిలోనే పట్టుకున్నాడు.

"ఎవరికన్న చెప్పినవా?"

"ఇప్పుడే కదా నాకు తెల్సింది."

"రెండో కరోనాల జరమొచ్చింది బిడ్డా. ముక్కు అందరికీ పోయింది. పదిహేను దినాలకో నెలకో అందరికీ మల్లొచ్చింది. నాకు రాలే. కర్నూలు పోయిన, పట్నం పోయిన, చూపించుకోని దవాఖాన లేదు. వస్తదంటరు. నాలుగేండ్లాయె. కారం మండుతది, ఉడుకు తెలుస్తది, గంతే. మల్లెపూలు పెట్టినా, గ్యాస్‌నూనె పెట్టినా నాకొక్కటే." చేతిలోని తువ్వాలు మడతపెట్టాడు. "మొన్న మనుమరాలు పుట్టింది. పసిపిల్లల నెత్తికి ఒక వాసనుంటది సూడు. ముక్కు పెట్టి పెట్టి చూసిన. ఏం లేదు."

రుబీనాకు జాలేసింది. పాతికేళ్లుగా తమ టెంట్ల కింద వండిన మనిషి. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. అయితే తన మాట సంగతేమిటి? కాసేపు ఆలోచిస్తే అందులోనూ పెద్ద చిక్కు కనిపించలేదు. నాలుగేళ్లుగా ఈ దంపతులు ఇలాగే వండుతున్నారు. ఎవరూ విస్తరి ముందు నుంచి లేవలేదు. చేయి ఆయనది, ముక్కు ఆమెది. ఇద్దరూ కలిసి వస్తే జమ్ములమ్మకు కావలసింది జమ్ములమ్మకు దొరుకుతుంది. రుబీనా గుండె మీది బరువు దిగింది.

"మీరిద్దరూ వస్తరు కదా మాస్టర్. ఇన్నేండ్లు నడిచింది, మా పెండ్లి కూడా నడుస్తది. నేనెవరికీ చెప్ప."

"నడ్వది బిడ్డా."

ఆ మాట హన్మంతుది కాదు. బాలనాగమ్మ డ్రమ్ము పక్కన నిలబడి చేతులు కడుక్కుంటోంది. ఎప్పటి నుంచి వింటోందో.

"నువ్వు రావా పెద్దమ్మా?"

"ఎందుకు రాను, వస్త. కని ఈయన ఎన్క నిలవడేటందుకు రాను. బాలనాగమ్మ వండుతుందని పెండ్లోళ్లకు చెప్పు. సామాను లిస్టు నేను చెప్త, నువ్వు రాసుకో. ఎవలన్న వంట ఎవరిదని అడిగితే నా పేరు చెప్పు. గట్లయితే వస్త. లేకుంటే ఆ దినం నేను మా ఇంట్ల ఉంట."

"ఏందే గిది?" హన్మంతు చుట్టూ చూశాడు. "బయటామె ముందల గిట్ల మాట్లాడొచ్చునా?"

"ఇంట్ల నాలుగేండ్ల సంది చెప్తున్న, ఇన్నవా? గందుకే బయటామె ముందల చెప్తున్న." ఆమె గొంతు పెరగలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ రుబీనా వైపు తిరిగింది. "పోయిన నెల కొల్లాపూర్ దిక్కు ఒక పెండ్లి. నాకు ఒంట్ల నూటొక్క జరం. జరంతోనే పదకొండు గంగాళాల ఆవిరి పీల్చిన. తిన్నోళ్లు మెచ్చుకొని ఈయనకు శాలువ కప్పిండ్రు. కప్పనీ. నాకు శాలువ అక్కర లేదు. ఇంటికొచ్చి అది దండెం మీద ఏసుకుంట ఈయన నాతోని ఏమన్నడో ఎరికేనా? ఇయ్యాల నా చెయ్యి మంచిగ పడ్డదే అన్నడు. నాతోని అన్నడు బిడ్డా. ఊరోళ్లతోని కాదు, నాతోని!"

హన్మంతు తల దించుకున్నాడు. ఆ మాట అన్న సంగతి ఆయనకు ఇప్పుడే గుర్తొచ్చినట్టుంది.

"నేనేమన్న కావాలని అన్ననా?" అన్నాడు. "ఆడమనిషి పేరు మీద పెండ్లి వంట ఎవరిస్తరే? నేను పెట్టిన రివాజా అది? పెండ్లంటే మాస్టర్ కావాలంటరు. నాకు ముక్కు లేదని తెలిస్తే నన్ను పిలువరు, ఆడదానివని నిన్ను పిలువరు. ఇద్దరం ఇంట్ల కూసొని ఎవరికి వండుదం?"

ఆయన అన్నదీ అబద్ధం కాదు. రుబీనాకు ఇద్దరి మాటా నిజంగానే కనిపించింది, అదే ఆమె కష్టం. టెంటు గుంజలు లెక్కపెట్టుకునే ఆడమనిషిని చూసి "మీ నాయిన లేడా?" అని అడగని గిరాకీ ఇంతవరకూ ఆమెకు తగల్లేదు. బాలనాగమ్మ ఏమడుగుతోందో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు. కానీ జమ్ములమ్మకు ఇచ్చిన మాట హన్మంతు పేరు మీదే ఇచ్చింది.

అప్పుడే ఫోను మోగింది. జమ్ములమ్మ. మోతలో వినిపించడం లేదని రుబీనా స్పీకర్ పెట్టింది.

"బిడ్డా, మా కొత్త వియ్యపురాలు వచ్చింది, ఈడ్నే కూసున్నది. ఆమె గూడ ఇనాల్నని స్పీకర్ పెట్టిన. హన్మంతు మాస్టర్ ఒప్పుకున్నడా అని అడుగుతుంది. నువ్వు ఆయన కాడికే పోయినవంట కదా. జర ఆయనకియ్యి ఫోను, ఆమె చెవులతోని ఇంటది."

రుబీనా ఏదో అనబోయింది. ఏమనాలో తేలక ముందే హన్మంతు చేయి చాపి ఫోను తీసుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఆ గొంతు మళ్లీ పొయ్యిల మధ్య తిరిగే మాస్టర్ గొంతైపోయింది.

"అమ్మా, నేనే, హన్మంతును. వస్త. నేనే నిలవడి చేస్త. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. ఏమేం కావాల్నో చెప్పుండ్రి."

జమ్ములమ్మ సంతోషంగా చెప్పుకుపోతోంది. పులిహోర, బూరెలు, పప్పు, గుత్తొంకాయ, సాంబారు. ఆయన ఒక్కోదానికీ "అట్లనే తల్లీ" అంటున్నాడు.

బాలనాగమ్మ అక్కడ ఆగలేదు. షెడ్డులోకి పోయింది. ఆరు పొయ్యిల దగ్గరా వరసగా మూతలు తీసి ఆవిరి పీల్చింది. సాంబారు దగ్గర మాత్రం ఆగి, ఎవరికీ చెప్పకుండా తనే గుప్పెడు ఉప్పు తీసి వేసింది, గరిటెతో కలిపింది, మూత పెట్టింది. "అన్నీ అయినయి. దేవుని విస్తరి పెట్టుకోండ్రి" అని కూరగాయల ఆడవాళ్లకు చెప్పింది. గోడకు తగిలించిన తన సంచి తీసుకుని, చెప్పులేసుకుని, గేటు వైపు నడిచింది. వెనక్కి చూడలేదు. ఇవాళ్టి వంటకు ఆమె బాకీ లేదు.

రుబీనా ఇటు హన్మంతునూ అటు బాలనాగమ్మనూ చూసింది. ఇప్పుడు తను నోరు మూసుకుంటే చాలు. జమ్ములమ్మకు నిశ్చింత, వియ్యపురాలికి తృప్తి, తండ్రి ముందు తనకు గౌరవం. పంతొమ్మిది రోజుల దాకా ఎవరికీ ఏ బాధా ఉండదు. తరువాత గద్వాల హాలులో ఈ మాస్టర్ ముక్కు లేకుండా, ఉప్పు చెప్పే మనిషి లేకుండా, సాంబారు గంగాళం ముందు దోసిట్లో ఉప్పు పట్టుకుని నిలబడతాడు. చాలిందో లేదో ఆయనకు తెలియదు. విస్తళ్లు పడతాయి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న వాళ్ల మొహాలు చూసి తెలుసుకుంటాడు. పక్కన నిలబడి ఆ మొహాలు చూడాల్సింది జమ్ములమ్మ.

రుబీనాకు భయం వేసింది. అయినా చేయి చాపి ఫోను లాక్కుంది.

"అమ్మా, నేను రుబీనాను. మాస్టర్‌ను మన పెండ్లికి నేను మాట్లాడ్తలేను."

ఎందుకో చెప్పలేదు. అది ఆయన చెప్పుకోవలసిన సంగతి. హన్మంతు మొహంలో నెత్తురు చుక్క లేదు. "బిడ్డా" అని మాత్రం అన్నాడు, ఆమెకు తప్ప ఇంకెవరికీ వినపడనంత మెల్లగా.

"ఏందే గిట్లంటవ్?" అంది జమ్ములమ్మ. "వస్తనని ఆయన నోటితోనే ఇప్పుడే చెప్పె. నువ్వు మాటిచ్చినవ్. నా తాన ఏం చూసి గిట్ల చేస్తున్నవ్?"

"మాట మీదనే ఉన్ననమ్మా. విస్తరి కాడ మాట రావద్దన్నవ్. రానియ్య. గందుకే ఆయన వద్దంటున్న."

తరువాత వినిపించిన గొంతు వేరు. గట్టిది, తొందర లేనిది.

"టెంటామెవా నువ్వు? నేను పెండ్లికొడుకు తల్లిని. మా ఆడబిడ్డ ఇంట్ల హన్మంతు వంట తిన్న. గా వంటంటేనే గద్వాలల పెండ్లికి ఒప్పుకున్న, లేకుంటే మా ఊర్లె, మా వంటోళ్లతోని చేసుకుంటుంటి. ఆయన కాకుంటే మరెవరు వండుతరు? పేరు చెప్పు, నేను గూడ ఇంట."

రుబీనా గేటు వైపు చూసింది. బాలనాగమ్మ ఆటో ఆపింది. సంచి లోపల పెట్టి, కమ్మీ పట్టుకుని, ఒక కాలు పైకి వేసింది. పేరు చెబితే వస్తానంది ఇందాక, కానీ ఇదంతా విన్నాక ఇంకా వస్తుందో లేదో అడగలేదు. ఇప్పుడు ఆ పేరు చెబితే మరొకరి తరఫున మరో మాట ఇచ్చినట్టే.

"బాలనాగమ్మ" అంది రుబీనా.

సౌండ్ బాక్సుల మోతలోనే ఆటో కదిలింది. బాలనాగమ్మ విందో లేదో తెలియదు.

"గామె ఎవరు?" అంది పెళ్లికొడుకు తల్లి.

రుబీనా జవాబు చెప్పేలోపే హన్మంతు ముందుకొచ్చి, ఆమె చేతిలోంచి మళ్లీ ఫోను తీసుకున్నాడు.